ఆర్చి కడదామా, ఆరో తరగతి నింపుదామా?

పెన్నాగట్టు (మారతహళ్ళి)
ఆదివారం, 17 ఆగస్టు 2025, రాత్రి 11:20

పదిహేనో తారీకుకి ఊరికి పోయొచ్చినా. శుక్రవారం సెలవు, శనివారం కృష్ణాష్టమి, ఆ పైన ఆదివారం. గురువారం రాత్రి బెంగళూరు హెబ్బాళ ఫ్లైఓవర్ కింద బస్సుల కోసం నిలబడ్డ జనంలో సగం మనోళ్ళే. తెల్లవారుజామున మూడింటికి ఇల్లు చేరి, ఏడున్నరకల్లా బడికాడ ఉన్నా. వచ్చే ఏడాదికి మా 2001 బ్యాచ్ బయటికొచ్చి పాతికేళ్ళు. ఆ సమ్మేళనం సంగతి హెచ్ఎం గారితో మాట్లాడదామని.

జెండా ఎగరేశారు, చాక్లెట్లు పంచారు, పది నిమిషాల్లో అయిపోయింది. మా కాలంలో ప్రార్థన వరుస గేటు దాకా వచ్చి అక్కడ మలుపు తిరిగేది. ఇప్పుడు వేపచెట్టు నీడ దాటలేదు. అబద్ధమెందుకు, బడి మాత్రం బాగైంది. సర్కారు బడులు బాగుచేసే నాడు-నేడు పథకంలో టైల్స్ వేశారు, బాత్రూముల్లో నీళ్ళొస్తున్నాయి, ఆకుపచ్చ బోర్డులు, ఇద్దరిద్దరు కూర్చునే డెస్కులు. మేము బెంచీకి ఐదుగురం కూర్చుంటే చివరోడు సగం గాల్లో ఉండేవాడు. ఇప్పుడు డెస్కులే మిగిలిపోయి, వెనక గదిలో ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టినారు.

ఆరో తరగతి హాజరు పట్టీ టేబుల్ మీద ఉంటే తెరిచి చూసినా. 34 పేర్లు. 11 పేర్ల మీద ఎర్ర సిరా గీత. కొన్నిటి ఎదురుగా ‘టీసీ’ అని రాసుంది. కొన్నిటి ఎదురుగా ఏమీ లేదు, ఉత్త గీతే. మిగిలింది 23 మంది. మా అప్పుడు ఆరో తరగతి ఎ, బి, సి మూడు సెక్షన్లు. పదో తరగతి ఈసారి 41 మంది రాస్తే 26 మంది పాసైనారంట. రాష్ట్రమంతా కలిపి 81.14 శాతం వచ్చిన ఏడాది మన బడికి 63.

ఇప్పుడు అసలు సంగతి. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మూడు లక్షలు పోగైంది. గేటుకి ఆర్చి కట్టి, నల్లరాతి మీద అందరి పేర్లు చెక్కిద్దామని ఎక్కువమంది మాట. ఆ ఎర్ర గీతలు చూసినప్పటి నుంచి నాకు ఆర్చి మీద మనసు పోవడం లేదు. ఏం చేస్తే బాగుంటుందో చెప్పండి. ఊరి పేరు, బడి పేరు కావాలనే రాయడం లేదు. తెలిసినోళ్ళకి ఎట్లాగూ తెలుసు.


శెనక్కాయ చేను (వైట్‌ఫీల్డ్)
రాత్రి 11:41

అన్నా, నేనూ అదే బడి. 2009. ఆర్చి కట్టు, వద్దనను. దాని కింద పొయ్యేకి పిల్లోళ్ళు ఉండల్ల కదా. మన ఊర్లో సంతకాడ ఒక ఆర్చి, గుడికాడ ఒక ఆర్చి, సచ్చిపోయిన పెద్దాయన పేరు మీద ఇంకోటి. ఆర్చిలు ఎక్కువైనాయి, మనుషులు తక్కువైనారు.


గోరంట్ల గొంతు (బీటీఎం)
సోమవారం, ఉదయం 8:05

ఆఫీసు బస్సులో రాస్తున్నా, తప్పులుంటే క్షమించాలి. తల్లిదండ్రులేం తెలివితక్కువ వాళ్ళు కాదండీ. 41కి 26 పాసయ్యే బడికి ఎవరు పంపిస్తారు? మా చెల్లెలు కూలి పనికి పోతుంది, అయినా ఇద్దరు పిల్లల్నీ ప్రైవేటుకే పంపిస్తుంది. వారం వారం టెస్టు, డైరీలో సంతకం, రాకపోతే ఫోను. సర్కారు బడి టీచరుకి ప్రైవేటు టీచరు కన్నా మూడింతల జీతం, ఐదింతల సెలవులు. వాళ్ళ పిల్లలు ఎక్కడ చదువుతున్నారో ఒకసారి అడగండి. ముందు టీచర్లు తమ పిల్లల్ని తమ బళ్ళో చేర్పిస్తే ఆరో తరగతి దానంతట అదే నిండుతుంది. మూడు లక్షలు కాదు, మూడు కోట్లు పోసినా ఆ ఒక్క పని జరగకపోతే ఇంతే.


సిల్క్‌బోర్డ్ సన్యాసి
ఉదయం 8:52

ఐదింతల సెలవుల్లో ఒకింత మనకూ ఇప్పిస్తే బాగుండు. నేను సిగ్నల్ దగ్గరే ఉన్నా, ఇంకో నలభై నిమిషాలు టైముంది కాబట్టి నాలుగు అంకెలు.

ఒకటి, మన బడి ఒక్కటే ఖాళీ కాలేదు. పల్లె పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వే ప్రకారం దేశంలో పల్లెల్లో 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో సర్కారు బళ్ళో ఉన్నవాళ్ళు 2018లో 65.6 శాతం. కరోనా తర్వాత 2022లో 72.9కి ఎక్కింది. 2024కి మళ్ళీ 66.8. అంటే ఫీజు కట్టలేక వచ్చినోళ్ళు, చేతిలో డబ్బు ఆడగానే వెళ్ళిపోయారు. వచ్చినప్పుడు పట్టుకోలేకపోయాం, అదీ విషయం.

రెండు, అసలు పిల్లలే తక్కువ. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఇంట్లో ఐదుగురం పుట్టి ముగ్గురం ఒకే బడికి పోయిన రోజులు తలుచుకుని, ఇప్పుడు మూడు సెక్షన్లు ఏవంటే ఎట్లా?


లెక్కల మాస్టారు (యలహంక)
ఉదయం 10:30

అందరికీ నమస్కారం. జడ్పీ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మీ బళ్ళో పనిచేయలేదు కానీ, మీరు చెప్పిన హాజరు పట్టీ నాకు చూడకుండానే కనిపిస్తోంది.

గోరంట్ల బాబూ, నా ఇద్దరు పిల్లలూ నేను పనిచేసిన బళ్ళోనే పదో తరగతి దాకా చదివారు. అలా అందరూ చేశారని చెప్పను. మీ మాటలో నిజం ఉంది కాబట్టే అది మాకు గుచ్చుకుంటుంది.

కానీ ‘41కి 26’ అన్న లెక్క ఒక్కసారి విప్పి చూడండి. ఊళ్ళో చురుకైన పిల్లలు నలభై మంది ఉన్నారనుకోండి. ఐదో తరగతికే గురుకులాల పరీక్ష ఉంటుంది, కొందరు అక్కడికి పోతారు. ఆరో తరగతికి నవోదయ, మోడల్ స్కూలు, ఆడపిల్లలకి కస్తూర్బా. ఈ పరీక్షలకి కోచింగ్ ఇచ్చి పంపించేది మేమే. సీటు వస్తే దండ వేసి ఫోటో తీసేదీ మేమే. డబ్బున్న వాళ్ళు ప్రైవేటుకి పోతారు. ఇన్ని జల్లెడలు పట్టాక మిగిలిన వాళ్ళు జడ్పీ హైస్కూలు ఆరో తరగతికి వస్తారు. తర్వాత ఐదేళ్ళకి గురుకులానికి 98, మాకు 63 శాతం వస్తే, ఎవరు బాగా చెప్పినట్టు? నాకైతే తెలియదు. అవి రెండూ ఒకే తక్కెడలో తూగే సరుకు కాదు.

రాష్ట్రం అంకెలూ అంతే. 2019లో 94.88 శాతం పాస్. 2022లో 67.26. చదువు మూడేళ్ళలో కూలిపోయిందన్నారు. 2019లో నూటికి 20 మార్కులు ఇంటర్నల్, బడే వేసుకునేది. తర్వాత అవి తీసేశారు. మధ్యలో కరోనా, రెండేళ్ళు పరీక్షే లేదు. తొమ్మిదో తరగతి కొన్నాళ్ళు ఫోన్లో చదివిన పిల్లలు వాళ్ళు, ఆ ఫోను కూడా నాన్న ఇంటికొచ్చాకే దొరికేది. కొలబద్ద మార్చి, పిల్లాడు పొట్టివాడయ్యాడంటే ఎలా?

ఒక్క పిల్లవాడి సంగతి చెప్పి ఆపుతాను. వాళ్ళమ్మ చింతపండు కొట్టే పనికి పోయేది. హిందూపురం మార్కెట్ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకి ఆ పని తెలుసు. ఆరో తరగతిలో చేరిన రోజు 52 లోంచి 27 తీసెయ్యమన్నాను. 35 అని రాశాడు. రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులోంచి రెండు తీసేశాడు, పాపం, వాడి తెలివి వాడిది. ఇంటి నుంచి చింతపిక్కలు తెమ్మన్నాను. పదేసి పిక్కలు చిన్న గుడ్డపీలికలో మూటలు కట్టించాను. ఐదు మూటలు, రెండు విడి పిక్కలు. ఏడు ఇవ్వరా అంటే, ఒకసారి నా మొహం చూసి ఒక మూట విప్పాడు. అంతే. అప్పు తెచ్చుకోవడం అంటే మూట విప్పడమని ఆ తర్వాత నేను క్లాసంతటికీ చెప్పాను. వాడికి పదో తరగతి లెక్కల్లో 38 వచ్చాయి. పత్రికలో ఫోటో వేసే మార్కు కాదది. మీరు చెప్పిన ఆ 26 మందిలో ఇలాంటి వాళ్ళు ఎందరున్నారో మీ హెచ్ఎంని అడగండి.

ఫెయిలైన పదిహేను మందిలో ఎక్కువమంది లెక్కల్లోనే పోయి ఉంటారు. హిందీలో 20 వస్తే గట్టెక్కుతారు, లెక్కల్లో 35 రావాలి.


శెనక్కాయ చేను
ఉదయం 10:47

మాస్టారూ 🙏 ఆ 38 నాదే అనుకున్యా ఒక నిమిషం.


కదిరి మల్లె (కేఆర్ పురం)
మధ్యాహ్నం 1:15

మా అమ్మ ఎస్‌జీటీ, అంటే చిన్న తరగతులకి చెప్పే సర్కారు టీచరు. పేరు రాయను, బడీ రాయను. హైస్కూలు ఎందుకు ఖాళీ అయిందని హైస్కూల్లో వెతుకుతున్నారు మీరంతా. ఒకటో తరగతిలో వెతకండి.

2022 జూన్‌లో 117 జీవో వచ్చింది. కిలోమీటరు లోపల హైస్కూలు ఉంటే 3, 4, 5 తరగతులు అందులో కలపాలని. కాగితం మీద చూస్తే మంచిదే, ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో టీచరు దొరుకుతారు. అమ్మ బడికీ హైస్కూలుకీ మధ్య దూరం కిలోమీటరు లోపే. కానీ ఆ మధ్యలో హైవే ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల లారీల మధ్య రోడ్డు దాటాలి. మొదటి వారం అమ్మే చెయ్యి పట్టుకుని దాటించి, పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చేది, ఎందుకంటే ఇక్కడ ఒకటీ రెండూ తరగతులకి తనొక్కతే. రెండో వారం ఒకాయన వచ్చాడు. “మేడమ్, పెద్దోడు మూడుకి అక్కడికి పోవల్ల, చిన్నది ఒకటికి ఇక్కడికి రావల్ల, నేను పనికి యాడికి పోవల్ల?” అని అడిగి ఇద్దరికీ టీసీ తీసుకున్నాడు. వ్యాను ఇద్దర్నీ ఒకేచోట ఎక్కించుకుంటుంది మరి. ఆయన్ని అమ్మ ఇప్పటికీ ఏమీ అనదు.

అట్లా పోయినోళ్ళు మళ్ళీ రాలేదు. ఆ జీవో ఈ ఏడాది రద్దయింది, మోడల్ ప్రైమరీ స్కూళ్ళు పెట్టి తరగతికో టీచరు అన్నారు, బడులు తొమ్మిది రకాలు చేశారు. మంచిదే. కానీ 2022లో ఒకటో తరగతిలో పోయిన పిల్లలు ఇప్పుడు నాలుగుకొచ్చారు. ఇంకో రెండేళ్ళకి మీ ఆరో తరగతి ఇంకా సన్నబడుతుంది, చూస్తూ ఉండండి.

ఇంకోమాట. టీచర్ల జీతాల గురించి రాసేవాళ్ళు పని గురించి కూడా రాయాలి. కొన్నాళ్ళు మా అమ్మ రోజూ పొద్దున చేసిన మొదటి పని బాత్రూముల ఫోటోలు తీసి యాప్‌లో ఎక్కించడం. ఫోన్ గ్యాలరీ తెరిస్తే నా చిన్నప్పటి ఫోటోల కన్నా అవే ఎక్కువ.


హిందూపురం కోడలు (బెళ్ళందూరు)
మధ్యాహ్నం 2:40

మల్లీ, నువ్వు చెప్పిన వ్యాను మాట దగ్గరే నేనూ ఆగిపోయాను. అందరూ ఇంగ్లీషు కోసం ప్రైవేటుకి పోతున్నారంటారు కదా. ఇప్పుడు సర్కారు బడీ ఇంగ్లీషు మీడియమే. పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. మా ఆడబిడ్డకి అది చూపించి, ఫీజెందుకు దండగ, ఇక్కడే వెయ్యమ్మా అన్నాను. ఆమె నన్ను ఎట్లా చూసిందంటే, బెంగళూరులో ఉండి ఏం తెలుసు నీకు అన్నట్టు.

ఆమె గార్మెంట్స్‌కి పోతుంది. కంపెనీ బస్సు ఏడుంబావుకి. మొగుడు లారీ మీద పోతే వారానికొకసారి రాక. సర్కారు బడి తొమ్మిదింటికి. ఏడుంబావు నుంచి తొమ్మిది దాకా ఆరేళ్ళ పిల్లాడు ఎవరి దగ్గర ఉండాలి? వ్యాను ఏడింటికి గుమ్మం ముందుకొస్తుంది, సాయంత్రం ఐదున్నరకి దింపుతుంది. వాళ్ళు స్టడీ అవర్ అంటారు, పిల్లలు నిద్రపోతారంట, పోనీలే. ఆమె ఫీజు కట్టేది ఆ రెండు గంటలకి. మా అత్తగారుంటే ఇదంతా లేదు. ఆవిడ చనిపోయిన ఏడాదే టై, బెల్టు వచ్చాయి.

జూన్‌లో తల్లికి వందనం (పిల్లల చదువుకి ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసే డబ్బు) పడింది, ఒక్కో పిల్లకి 13,000. నేరుగా ఫీజుకే పోయింది. సర్కారు బడైనా ప్రైవేటైనా ఇస్తారు కాబట్టి అది తల్లికి మేలే, తప్పనను. కానీ బడి ఏదన్న దాంట్లో అది ఎవరి మనసూ మార్చదు.


గోరంట్ల గొంతు
మధ్యాహ్నం 3:02

అక్కా, ఇదొకటి నేను ఆలోచించలేదు. మా చెల్లెలు కూడా ఆరున్నరకే పనికి పోతుంది. అయినా వారం వారం టెస్టు పెట్టడానికి సర్కారు బడికి ఎవరు అడ్డం?


కొడికొండ చెక్‌పోస్ట్
మధ్యాహ్నం 3:30

అంతా పోయిన ప్రభుత్వం చేసిన నాశనమే. సీబీఎస్ఈ అని, టోఫెల్ అని పిల్లల మీద ప్రయోగాలు చేసి

[మిగతాది తొలగించబడింది]


మాడరేటర్
మధ్యాహ్నం 3:44

పై పోస్టుకి వచ్చిన పదిహేడు సమాధానాలు కూడా తీసేశాను. రెండు పార్టీల వాళ్ళకీ వేరే గది ఉంది, అక్కడ తిట్టుకోండి. ఇక్కడ ఆరో తరగతి గురించి మాట్లాడుకుంటున్నారు.


హూడీ నివాసి
రాత్రి 9:10

నేను క్యాబ్ తోల్తా. మాది కదిరి పక్క పల్లె. నా కొడుకు ఇక్కడ గవర్నమెంటు కన్నడ బళ్ళో నాలుగు. మూడేళ్ళ కింద నడి సంవత్సరంలో తెచ్చినా, టీసీ లేదు, ఆధార్ ఒక్కటే. మేడమ్ చేర్చుకునింది. చిన్న తరగతుల్లో నలి-కలి అని కార్డులు, పాటలు పెట్టి చెప్తారు, ఆర్నెల్లకి కన్నడ వచ్చేసింది. పాలిస్తారు, వారంలో ఆరు దినాలు గుడ్డు. ఇప్పుడు వాడు కన్నడ రాస్తాడు, ఇంగ్లీషు చదువుతాడు, తెలుగు మాట్లాడతాడు కానీ అక్షరం రాదు. వాళ్ళవ్వ ఊర్నుంచి ఫోన్ చేసి, “నా పేరు రాసి చూపీరా” అంటే కన్నడలో రాసి పంపినాడు. అవ్వకి చదువు రాదు, ఏ భాషయినా ఒకటే. నాకే ఒక మాదిరిగా అనిపించింది.

బడి మంచిదే. సర్కారు బడి అంటే చెడ్డదనే మాట నేను ఒప్పుకోను.


సిల్క్‌బోర్డ్ సన్యాసి
రాత్రి 9:35

హూడీ అన్న చెప్పింది విన్నాక కర్ణాటక అంకెలు కూడా. ఇక్కడ ఎస్ఎస్ఎల్‌సీ, అంటే పదో తరగతి, 2023లో 83.89 శాతం. 2024లో పరీక్ష గదుల్లో వెబ్‌కాస్టింగ్ పెట్టారు, 73.40కి పడింది, అదీ గ్రేస్ మార్కులు పెంచి పోశాక. 2025లో మొదటి పరీక్షకి 62.34. పిల్లలు ఏడాదిలో మొద్దులయ్యారా, కెమెరా నిజం చెప్పిందా? పాస్ శాతం చూసి బడిని ఎంచుకునేవాళ్ళు ఆ శాతం ఏ కిటికీలోంచి లోపలికొచ్చిందో కూడా చూసుకోవాలి.

అట్లాగని పేద ఊళ్ళన్నీ వెనకబడే ఉంటాయనుకోకండి. మన పదో తరగతి ఫలితాల్లో 2023, 24, 25 మూడేళ్ళు వరసగా మొదటి జిల్లా పార్వతీపురం మన్యం. దాని పేరు చెప్తే మా ఫ్లాట్స్‌లో సగంమంది ఎక్కడుందని అడుగుతారు.


పెన్నాగట్టు
రాత్రి 10:20

పొద్దున్నుంచి మీటింగుల మధ్యలో ఇదే చదువుతున్నా. గ్రూపులో ఈ లింకు పెట్టినా. ఆర్చి వాళ్ళు ఊరుకోలేదు. “ఆర్చి అయితే వందేళ్ళుంటుంది, పిల్లలు టీసీ తీసుకుని పోతారు” అన్నాడొకడు. ఇంకొకడు సమ్మేళనం రోజు శాలువాలకీ ఫ్లెక్సీలకీ ఎంతవుతుందో లెక్కేసి పంపినాడు, ఎనభై వేలు. శాలువా కప్పించుకునే సార్లలో ఇద్దరు ఇప్పటికే పోయినారు, వాళ్ళింటికి పోయి ఇస్తామంట.

మాస్టారూ, నేరుగా అడుగుతున్నా. మూడు లక్షలు మీ చేతిలో పెడితే ఏం చేస్తారు?


లెక్కల మాస్టారు
రాత్రి 11:05

నా చేతిలో పెట్టవద్దు, నేను ట్రెజరర్‌గా పనికిరాను, మా ఆవిడ సాక్షి.

కంప్యూటర్లు, స్మార్ట్ బోర్డులు ప్రభుత్వం ఇస్తోంది. బియ్యం, గుడ్డు, చిక్కీ, రాగి జావ, బ్యాగు, బూట్లు అన్నీ ఉన్నాయి. మెగా డీఎస్సీ 16,347 పోస్టులకి పరీక్షలు అయ్యాయి, వచ్చే కొత్త టీచర్లలో మీ బడికీ ఒకరిద్దరు రావచ్చు. డబ్బుతో కొనవలసినవి కొద్దే. చెప్పవలసినవి ఎక్కువ.

ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అని ఒక పరీక్ష ఉంది. పాసైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 స్కాలర్‌షిప్పు. నాలుగేళ్ళకి 48,000. ఇంటి ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండాలి. ప్రైవేటు బడి పిల్లలు రాయడానికి వీల్లేదు. ఇక ట్రిపుల్ ఐటీ. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం నాలుగు చోట్లా పదో తరగతి మార్కుల మీదే సీటు. హాస్టల్ లేని ప్రభుత్వ బళ్ళో చదివిన పిల్లలకి 4 శాతం డిప్రివేషన్ స్కోరు (వసతులు తక్కువని ఇచ్చే అదనపు మార్కులు) కలుపుతారు. ఏడో తరగతి అయ్యాక టీసీ తీసుకునే తండ్రికి ఈ రెండు ముక్కలూ ఎవరూ చెప్పరు. ప్రైవేటు బడి వాళ్ళు ఏప్రిల్‌లోనే ఇంటింటికీ వచ్చి పాంప్లెట్ ఇస్తారు. మేము జూన్‌లో మేలుకుంటాం. జూలై 10న జరిగిన మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) లాంటివి మంచివే కానీ అప్పటికి చేరాల్సిన వాళ్ళు ఎక్కడో చేరిపోయి ఉంటారు.

కాబట్టి ఒకటి, ఏప్రిల్ నెలలో రెండు ఆదివారాలు మీరే మీ ఊళ్ళో ఇల్లిల్లూ తిరగండి. సాఫ్ట్‌వేర్ పిల్లవాడు గడపలోకి వచ్చి ‘నేను ఈ బడేనమ్మా’ అంటే టీచరు పదిసార్లు చెప్పిన దానికన్నా ఎక్కువ పని చేస్తుంది. రెండు, హిందూపురం కోడలమ్మ చెప్పిన ఆ రెండు గంటలు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఊళ్ళోనే డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఇద్దరు అమ్మాయిల్ని పెట్టి ప్రైమరీ బడి వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టించండి. నెలకి చెరి ఆరు వేలు ఇచ్చినా పది నెలలకి లక్షా ఇరవై వేలు. హెచ్ఎం, విద్యా కమిటీ ఒప్పుకోవాలి, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న గొడవ తప్పకుండా వస్తుంది, ముందే తేల్చుకోండి.

మూడోది, నేను మొదటి నుంచీ అడుగుదామనుకుంటున్నది. మీరు చూసిన ఆ ఉత్త గీతలు ఎన్ని?


పెన్నాగట్టు
రాత్రి 11:12

ఫోటో తీసుకున్నా సార్, చూసి చెప్తా. టీసీ అని ఆరు. ఏమీ రాయనివి ఐదు.


లెక్కల మాస్టారు
రాత్రి 11:30

ఆ ఐదుగురూ ప్రైవేటుకి పోలేదు. పోయి ఉంటే టీసీ అడిగేవారు, కనీసం ఆన్‌లైన్లో ఆ బడి వాళ్ళు పిల్లవాడి పెన్ నంబరు (ఏ బడికి మారినా మారని విద్యార్థి నంబరు) లాక్కునేవారు. ఎక్కడా చేరని పిల్లల పేర్లు సైట్లో ‘డ్రాప్ బాక్స్’ అనే దాంట్లో పడి ఉంటాయి. ప్రతి నెలా ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, మీ డ్రాప్ బాక్స్ ఎందుకు ఖాళీ కాలేదని. సీఆర్‌పీ (కొన్ని బడులకి కలిపి పెట్టిన విద్యాశాఖ కార్యకర్త), టీచరు కలిసి ఆ ఇళ్ళకి పోతే తలుపుకి తాళం. పక్కింటి వాళ్ళని అడిగితే ఒకటే మాట వచ్చేది, నా సర్వీసంతా విన్నాను. ‘బెంగళూరు పోయినారు సార్.’

వాన రాకపోతే వేరుశెనగ పోతుంది, వేరుశెనగ పోతే ఇల్లు కదులుతుంది. అవ్వా తాతా ఉంటే పిల్లల్ని వదిలి వెళ్తారు, లేకపోతే వెంట తీసుకుపోతారు. మీరంతా ఆరో తరగతి పిల్లల కోసం ఊరికి పోయి వెతుకుతున్నారు. వాళ్ళు మీ దగ్గరికే వచ్చి ఉన్నారు.


శెనక్కాయ చేను
రాత్రి 11:52

సార్.

నేను వైట్‌ఫీల్డ్ అవతల ఒక కట్టడం కాడ సూపర్‌వైజర్. పేరొద్దు. వెనకపక్క రేకుల షెడ్లు ఉండాయి, నలభై దాకా. సగం కలకత్తా పక్క వాళ్ళు, సగం మనోళ్ళు. పొద్దున అమ్మానాయనా ఇటుకలు మోసేకి పోతే పిల్లోళ్ళు ఇసక కుప్ప మీద ఆడుకుంటాంటారు. నేను దినామూ ఆ పక్కనుంచే పోతా. ఒకనాడూ అడగలే, ఏ ఊరు, ఎన్నో తరగతని.


హూడీ నివాసి
మంగళవారం, ఉదయం 6:15

ఆ పక్క ఉండే గవర్నమెంటు బడి నాకు తెలుసు. నేను తోడొస్తా. టీసీ లేటైనా చేర్చుకోకుండా ఉండేకి లేదు, విద్యాహక్కు చట్టంలోనే ఉంది, మా మేడమ్ నాకు చెప్పింది. వయసును బట్టి తరగతిలో కూర్చోబెడతారు. కన్నడ రాదని భయపడొద్దని చెప్పు వాళ్ళకి.


శెనక్కాయ చేను
ఉదయం 7:50

పొద్దున్నే పోయినా. ఒక పిల్లోడు ఇసక కుప్ప మీద కూచోని తూము పైపులో రాళ్ళు వేస్తాన్నాడు. ఏ ఊరు రా అంటే మన ఊరి పక్క తండా పేరు చెప్పినాడు. ఏ బడి అంటే మన బడే. ఆరో తరగతి, ఇద్దరి బెంచీలో కిటికీ పక్కన కూచునేవాడంట. జూన్‌లో ఇచ్చిన బూట్లు కాళ్ళకి ఉండాయి, సిమెంటుతో తెల్లగా అయినాయి. ఇంకా నలుగురు ఉండారని ఏలు పెట్టి షెడ్లు చూపిస్తాన్నాడు. అన్నా, నీ ఫోటోలో పేర్లు చూడు. పిల్లోని పేరు


మాడరేటర్
ఉదయం 7:58

పేరు తొలగించాను. పిల్లల పేర్లు ఇక్కడ వద్దు.


లెక్కల మాస్టారు
ఉదయం 8:20

మాడరేటర్ గారు మంచి పని చేశారు. బాబూ, పేర్లు, తండ్రి పేరు, ఊరు నాకు విడిగా మెసేజ్ చెయ్యి. పెన్నాగట్టు గారు హెచ్ఎంతో మాట్లాడి పెన్ నంబర్లు తెప్పిస్తే ఇక్కడి బడిలో ఎక్కించవచ్చు, పిల్లలు ఎప్పుడు ఊరికి పోయినా మళ్ళీ అక్కడికి మారవచ్చు. ముందు తల్లిదండ్రుల్ని అడుగు. దసరాకి ఊరికి పోయే ఆలోచన ఉందేమో కనుక్కో, ఉంటే వేరే లెక్క.


పెన్నాగట్టు
ఉదయం 8:31

హెచ్ఎం గారికి ఫోన్ చేసినా. ప్రార్థన అయ్యాక చేస్తానన్నారు. గ్రూపులో ఆర్చి మాట ఈ శనివారం తేలుస్తా.


శెనక్కాయ చేను
ఉదయం 9:40

పంపినా సార్. ఐదుగురు కాదు. ఏడుగురు. ఇద్దరు ఏడో తరగతి.